గోనె గోడల గది

నేను చేసిన పనికి ఆ రోజుల్లో పేరు లేదు. "ఏం చేస్తావమ్మా?" అని ఎవరైనా అడిగితే "ఇళ్ళు సర్దుతాను" అనేదాన్ని. పనిమనిషిననుకుని ఊరుకునేవాళ్ళు. ఇప్పుడు ఇదే పనిని మీరు కాలేజీల్లో చదువుకుని చేస్తున్నారు. రంగుల గురించి, వెలుతురు గురించి మీకు నేను కొత్తగా చెప్పేదేమీ లేదు. కానీ డబ్బులేని ఇంట్లోకి అడుగుపెట్టి, ఉన్న వస్తువులతోనే ఆ ఇంటిని అందంగా చెయ్యమన్నప్పుడు ఎలాంటివి ఎదురవుతాయో మీకు ఎవరూ చెప్పి ఉండరు. నాకూ ఎవరూ చెప్పలేదు. అందుకే మద్రాసు చూలైలో ఒక గదికి జరిగింది రాస్తున్నాను. ఇన్నేళ్ళయినా అది తలుచుకుంటే ఒళ్ళు జలదరిస్తుంది.

నాయుడుగారి షాపు

మాది చింతాద్రిపేట. తాతల కాలంలో నేతపనివాళ్ళం. నేను పుట్టేనాటికి ఇంట్లో మగ్గం లేదు, ఒక కుట్టుమిషను మాత్రం ఉండేది. ఆ మిషను మీద చెయ్యి తిరిగాక రత్నం నాయుడుగారి షాపులో కుదిరాను. ఆయన సినిమా స్టూడియోలకీ, పెళ్ళిళ్ళకీ సోఫాలు, తెరలు, పూలకుండీలు, గాజు దీపాలు అద్దెకిచ్చేవారు. నా పని తెరలు కుట్టడం.

పని తెలిసిన మనిషి నాయుడుగారు. చిరుగుల వెల్వెట్టు ముక్కలతో పొద్దున మొదలుపెట్టి మధ్యాహ్నానికి జమీందారు హాలు తయారుచేసేవారు. గుడ్డ ఎలా జారితే బరువుగా కనిపిస్తుందో, ఏ రంగు పక్కన ఏ రంగు పెడితే పాతది కొత్తదవుతుందో నాకు నేర్పింది ఆయనే. వెనకవైపు కూడా నీటుగా కుట్టబోతే మాత్రం కోప్పడేవారు.

"ఈపు పక్క ఎవురు చూస్తారమ్మా? కెమెరాకి కనపడేదే కుట్టు," అనేవారు.

షాపుకి వచ్చే సినిమా వాళ్ళలో అందరూ కార్లలో తిరిగేవాళ్ళు కారు. వాద్యగాళ్ళు, మేకప్ వాళ్ళు, రచయితల దగ్గర పనిచేసే కుర్రవాళ్ళు ఆంధ్రా నుంచి వచ్చి ఇరుకిరుకు పోర్షన్లలో ఉండేవారు. వాళ్ళ భార్యలు "పాత తెర ఏదైనా ఉంటే ఇవ్వండి, మా గది మరీ బోడిగా ఉంది" అని అడిగేవారు. నాయుడుగారి అనుమతితో సెలవు రోజుల్లో నేనే వెళ్ళి కట్టి వచ్చేదాన్ని. అలా మొదలైంది నా పని.

వెళ్ళిన ప్రతి ఇంట్లోనూ మొదట సామాను మొత్తం బయట పెట్టించి, ఖాళీ గదిలో నేల మీద కూర్చునేదాన్ని. చాలామంది విసుక్కునేవారు. ఏదో తెచ్చి పెడతానని పిలిస్తే ఉన్నవి బయటపెట్టమంటుందేమిటని వాళ్ళ బాధ. కానీ వెలుతురు ఎటునుంచి వస్తుందో, గోడ ఎక్కడ చెమ్మగిల్లిందో, ఏ మూల వాసన కొడుతుందో ఖాళీ గదే చెబుతుంది. మీరు ఇంకేం మరిచిపోయినా పరవాలేదు, ఇది మాత్రం మానకండి.

సుశీల గది

సుశీలది రాజమండ్రి వైపు. భర్త సినిమా పాటల వాద్యబృందంలో వయొలిన్ వాయించేవాడు. రికార్డింగు ఉన్న నెల ఉన్నట్టు, లేని నెల లేనట్టు నడిచేది సంసారం. సుశీలకి వీణ బాగా వచ్చు. పిల్లలకి చెప్పుకుంటే ఇల్లు నిలబడుతుందని ఆమె ఆశ. వీధిలో ఆడపిల్లల తల్లులు వచ్చారు కూడా. గుమ్మంలో నిలబడి లోపలికి చూసి, మళ్ళీ వస్తామని వెళ్ళిపోయారు.

నేను వెళ్ళి చూస్తే వాళ్ళని తప్పుపట్టాలనిపించలేదు. చూలైలో ఒక పెద్ద మిద్దెకి ముందువైపు పొడవాటి గది, వీధి వైపు ఒక్కటే కిటికీ. గోడల మీద సున్నం పెచ్చులు పెచ్చులుగా ఊడి, చెమ్మ మరకలు నల్లగా పాకి ఉన్నాయి.

"ఏదైనా చెయ్యగలరా అండీ? కొనడానికి మాత్రం నా దగ్గర ఏమీ లేదు," అంది సుశీల.

"ఈడ దొరికేవాటితోనే చేద్దాం," అన్నాను.

అదే మిద్దెలో వెనక కాపురముండే ఇంటి యజమాని చెంగల్రాయ చెట్టిగారికి సౌకార్‌పేటలో మిరపకాయల మండీ ఉంది. చిరిగిన గోనెసంచులు మండీ వెనక గుట్టగా పడి ఉండేవి. అడిగితే "తీసుకోండమ్మా, చుమ్మా, ఊరికే పడుండేవే కదా," అన్నారు. వాటిని ఎన్నిసార్లు ఉతికినా ఘాటు పోలేదు. నేనూ సుశీలా తుమ్ముకుంటూ నవ్వుకుంటూ ఉతికాం. సగం సంచుల్ని టీ డికాక్షన్‌లో ముంచాం, సగం కావిరంగులో. దబ్బనంతో కలిపి కుట్టి, సుశీల పాత పట్టుచీర అంచుల్ని చుట్టూ పెట్టి, వెదురుబద్దల చట్రాలకి బిగించాను. చెమ్మగోడకి ఏది అంటించినా బూజు పడుతుంది. అందుకని చట్రాల్ని మేకులకి పటాల్లా వేలాడదీసి, గోడకీ గోనెకీ మధ్య గాలి ఆడేలా వదిలాను. మిగిలిన గోడకి సున్నంలో రవంత నీలిమందు కలిపి కొట్టాం. టీపొడి వచ్చే చెక్కపెట్టెలు బల్లలయ్యాయి. మూర్ మార్కెట్‌లో సెలూన్ వాళ్ళు పారేసిన అంచు విరిగిన అద్దం దొరికితే, దాన్ని కిటికీకి ఎదురుగా పెట్టాను. వీధిలో ఎండ గది చివరిదాకా వచ్చింది.

ఒక్క చోటు మాత్రం ముట్టుకోలేదు. అది పైకప్పు. పాత మద్రాసు మిద్దెలన్నీ టేకు దూలాల మీద ఇటుక, సున్నం వేసి కట్టినవే. ఈ గదిలో నడిమి దూలం కింద నేల మీద రోజూ సన్నటి పొడి రాలుతోంది. పైన మట్టిగీతలు పాకి ఉన్నాయి. చెదలు.

"పైన కూడా ఒక గుడ్డ కట్టేద్దామా అక్కా? ఆ మరకలు కనిపించవు," అంది సుశీల.

"వద్దు. అది కనపడతా ఉండాల. ఆ పొడి ఎక్కువైతే మనకి తెలియాల," అన్నాను. ఆ దూలం కింద ఎవరూ కూర్చోకుండా చెక్కపెట్టెలు, మొక్కల కుండీలు అడ్డంగా పెట్టించాను. పాఠాలు కిటికీ దగ్గరే చెప్పమన్నాను.

చెట్టిగారికీ చెప్పాను. ఆయన నవ్వారు. "ఏమ్మా, అది మా తాత పెట్టిన బర్మా టేకు. నువ్వూ నేనూ పోయినా అది ఉంటాది."

గది తయారయ్యాక తల్లులు మళ్ళీ వచ్చారు. ఈసారి గుమ్మం దాటి లోపలికి వచ్చి కూర్చున్నారు. కొద్దిరోజుల్లోనే సాయంత్రం పూట ఆ వీధిలో వీణ వినిపించడం మామూలైపోయింది.

గోనె ఎవరిది

దసరాకి సుశీల బొమ్మలకొలువు పెట్టి ఇంటి యజమానుల్ని పేరంటానికి పిలిచింది. చెట్టిగారు కూడా వచ్చి చెక్కపెట్టె మీద కూర్చున్నారట. గోడలన్నీ తడిమి చూశారట. ప్రసాదం తీసుకుని వెళ్ళిపోయారట.

పండగ దాటగానే సుశీల షాపుకి పరుగెత్తుకుంటూ వచ్చింది.

"ఖాళీ చెయ్యమన్నారక్కా."

ఏదో మాటా మాటా వచ్చి ఉంటుందనుకున్నాను. అదేం లేదు. ఆయన అన్న మాటలు సుశీల ఉన్నవి ఉన్నట్టు చెప్పింది. "ఇట్లాంటి రూమునా ఈ బాడిగకి ఇచ్చినాను అని నాకే ఆశ్చర్యంగా ఉండాదమ్మా. ఒక కంపెనీ వాళ్ళు ఆఫీసుకి అడగతా ఉండారు. వచ్చే నెలకి వదిలిపెట్టండి. గోడలకి ఉండేవి తీయబాకండి. గోనె నా మండీదే కదా."

చేతిలో కత్తెర కింద పెట్టేశాను. మురికిగా ఉన్నంతకాలం ఆ గది సుశీలది. బాగుపడిన మరుక్షణం ఆమెది కాకుండా పోయింది. ఇళ్ళు బాగుచేస్తే మనుషులు బాగుంటారనే నమ్మకంతో నేను అన్నాళ్ళూ పనిచేశాను. బాగుచెయ్యడం వల్లే ఒక మనిషి వీధిన పడుతుందని కలలో కూడా అనుకోలేదు.

చెట్టిగారి దగ్గరికి వెళ్ళి అడిగాను. ఆయనకి కోపం కూడా రాలేదు. "నా ఇల్లు, నా గోనె. నీ కూలి నువ్వు తీసుకున్నావు కదా, సరి. ఇంక ఏముండాది?" అన్నారు, నిజంగానే నేను దేనికి వచ్చానో తెలియనట్టు.

ఆ తాపీతనం నన్ను ఇంకా నివ్వెరపరిచింది. దుర్మార్గుడెవడో కోరలతో ఉంటాడనుకుంటాం. ఈయన నాకు మజ్జిగ ఇప్పించారు.

సుశీల మాత్రం ఏడుస్తూ కూర్చోలేదు. చింతాద్రిపేటలో మా ఇంటి పక్క సందులోనే ఒక పోర్షన్ దొరికింది. అదీ ఈ గదిలాంటిదే. ఖాళీ చేసే రోజున ఆమె భర్త చట్రాలన్నిటినీ మేకుల నుంచి ఎత్తి చేతిబండిలో పేర్చాడు. పెట్టెలు, అద్దం, కుండీలు అన్నీ ఎక్కాయి. చెట్టిగారు అరుగు మీదికి వచ్చి నిలబడ్డారు.

"గోనె నాదని చెప్పినాను కదా," అన్నారు.

సుశీల బండి వెనక నుంచి ఒక మూట తీసి ఆయన ముందు పెట్టింది. మిగిలిపోయిన సంచులు, ఉతికి మడతపెట్టినవి. "ఇదిగోండి బాబాయిగారూ, మీ గోనె. కుట్టినది మాదండి," అంది. బండి కదిలింది. లోపల మళ్ళీ నల్లటి చెమ్మగోడలే మిగిలాయి.

ఆ రోజు నుంచి అద్దె ఇంట్లో నేను చేసిన ప్రతి పనీ విప్పి బండిలో వేసుకుపోయేలా చేశాను. మీరూ అలాగే చెయ్యండి.

గుడ్డ కట్టేవాళ్ళం

కంపెనీ వాళ్ళు చూడడానికి వచ్చే లోపల గదిని మళ్ళీ అలాగే చేయించాలని చెట్టిగారు మా నాయుడుగారి దగ్గరికే వచ్చారు. నాయుడుగారు వెళ్ళి చూసి, ఆ సాయంత్రమే నన్ను పిలిచారు.

"గోడలకి మన పాత సిల్కు తెరలు వేద్దాం. పైన తెల్ల గుడ్డ, కుచ్చులు పెట్టి. రేపు కొలతలు తీసుకో."

"పైన దూలం చెదలు తినేసిండాది సార్. గుడ్డ కడితే ఎవురికీ కనపడదు. కింద మనుషులు కూచుంటారు."

"సరోజా, మనం గుడ్డ కట్టేవాళ్ళం, ఇల్లు కట్టేవాళ్ళం కాదు. దూలం సంగతి ఇంటాయన చూసుకుంటాడు."

"ఆయన చూసుకోడు సార్."

"అయితే అది ఆయన పాపం."

నన్ను కూతురిలా చూసిన మనిషి అంత తేలిగ్గా ఆ మాట అనడం నేను తట్టుకోలేకపోయాను. కెమెరాకి కనిపించని వైపు గురించి ఆయన రోజూ చెప్పే మాటకి అర్థం ఇంతదూరం వస్తుందని అప్పుడు తెలిసింది. నేను చెయ్యనన్నాను. "అయితే రేపటినుంచి రావద్దు" అన్నారు. నా దబ్బనం, కత్తెర సంచిలో వేసుకుని వచ్చేశాను. ఆ జీతం మీదే మా ఇల్లు నడుస్తోంది.

కాంతమ్మగారు

మరునాడు పొద్దున చూలై వెళ్ళాను. చెట్టిగారు మండీకి వెళ్ళాక, పెరటివైపు నుంచి ఆయన భార్య కాంతమ్మగారిని పిలిచాను. అంతకుముందు గోనె ఉతికేటప్పుడు మాకు నీళ్ళు తోడిచ్చింది ఆవిడే. వంటింట్లోంచి పెరటికి, పెరట్లోంచి వంటింటికి తప్ప నేను ఆవిడని ఇంకోచోట చూడలేదు. ముందు గదుల్లోకి మగవాళ్ళ అనుమతి లేకుండా వచ్చేవారు కాదు.

"పెద్దమ్మా, ఒకసారి వీధి గదిలోకి రండి. మీకొకటి చూపించాల."

ఆవిడ చెయ్యి తుడుచుకుంటూ వచ్చారు. నేను పెరట్లో ఉన్న నిచ్చెన తెచ్చి వేసి, ఎక్కి, దబ్బనం దూలానికి గుచ్చాను. గట్టిగా నొక్కాల్సిన అవసరం లేకపోయింది. పిడిదాకా దిగిపోయింది. లాగితే దాని వెంట పొడి ధారగా కారింది. నేను అనుమానించినదానికన్నా అది ఎంతో ఘోరంగా ఉంది. ఆ దూలం ఉన్న గదిలోనే పిల్లలు ఆడుతూ తిరిగారని తలుచుకుంటూ నిచ్చెన దిగాను.

కాంతమ్మగారు ఆ పొడిని వేళ్ళతో నలిపి చూశారు.

"ఆయనకి చెప్పినావా?"

"చెప్పినాను. నవ్వినారు."

ఆవిడ చేతులు దులుపుకున్నారు. లోపలికి వెళ్ళి చాప, దిండు తెచ్చుకున్నారు. సరిగ్గా ఆ దూలం కింద పరుచుకుని పడుకున్నారు.

నేను బెదిరిపోయాను. "ఏంది పెద్దమ్మా ఇది? లేయండి."

"నువ్వు బయట ఉండు సరోజా. ఆయన బువ్వకి వస్తారు."

ఎంత బతిమాలినా లేవలేదు. నేను గుమ్మంలో కూర్చుని ఆ దూలం మీంచి చూపు తిప్పుకోలేకపోయాను. గాలికి తలుపు కొట్టుకున్నా లేచి నిలబడేదాన్ని. మధ్యాహ్నం చెట్టిగారు వచ్చి లోపలికి తొంగిచూశారు.

"ఏందే ఇది? ఈడ పడుకున్నావేంది?"

"ఏం? మీ తాత పెట్టిన బర్మా టేకు కదా. నాకేం బయం."

"ఎవురన్నా చూస్తే నవ్వతారు. లెయ్."

"పరాయి బిడ్డలు కూచునేదానికి బాగుండే చోటు నాకు బాగుండదా? ఆశారిని పిలవండి. అంతదాకా నేను ఈడనే ఉంటా."

ఆయన నన్ను చూశారు, ఆవిడని చూశారు, పైకి చూశారు. పెళ్ళయినప్పటినుంచి ఆవిడ ఎదురు మాట్లాడిన సందర్భం ఆయనకి జ్ఞాపకం వచ్చినట్టు లేదు. పెళ్ళాం మాట తప్పని తేల్చడానికే వడ్రంగిని పిలిపించారు. ఆశారి వచ్చి, ఉలితో ఒక్కచోట తట్టి, "అమ్మా, మొదట బయటికి పోండి" అన్నాడు. అప్పుడు లేచారు కాంతమ్మగారు.

అందరం వీధిలో నిలబడ్డాం. ఆశారి మనుషులు సవుకు కర్రలు ఆనించి, అటూ ఇటూ బిగించి దూలాన్ని కదిపారు. అది విరగలేదు. బెల్లం అచ్చులా పొడైపోయింది. దాని మీద ఇటుకలు, సున్నం ఒక్క పెట్టున కూలాయి. తెల్లటి దుమ్ము గుమ్మంలోంచి వీధిలోకి వచ్చి మమ్మల్ని కప్పేసింది. దుమ్ము తగ్గాక లోపల, ఇందాక చాప పరిచి ఉన్నచోట, మోకాలెత్తు శిథిలాలు కనిపించాయి. కర్రలు పెట్టినవాళ్ళు ముందే ఈవలికి దూకారు కాబట్టి ఎవరికీ ఏమీ కాలేదు.

ఆశారి తక్కిన గదులు కూడా చూశాడు. చెట్టిగారు రోజూ పడుకునే మంచం పైన ఉన్న దూలం దీనికన్నా అధ్వాన్నంగా ఉంది. ఆ మాట విని ఆయన అరుగు మీద కూలబడ్డారు. ఎవరితోనో తెలియకుండా, "ఆడనే కదా పడుకుంటా ఉండాను," అన్నారు.

నాయుడుగారు కొలతలకని అదే సమయానికి టేపు పట్టుకుని వచ్చారు. లోపలికి చూసి, టేపు జేబులో పెట్టుకుని వెనక్కి వెళ్ళిపోయారు. నన్ను మళ్ళీ పనిలోకి పిలవలేదు. కానీ తరవాత షాపులో కుర్రవాళ్ళు ఎక్కడ గుడ్డ కట్టినా ముందు దూలాలు తట్టి చూసేవారని విన్నాను.

ఆవిడ అడిగింది

చెట్టిగారు సుశీలకి కబురు పంపారు, పాత బాడిగకే మళ్ళీ రమ్మని. ఆమె రాలేదు. చింతాద్రిపేటలో అప్పటికే ఆ గోనె గోడలు వేలాడుతున్నాయి. పాత చూలై పిల్లలు కొందరు కూమ్ ఏరు దాటి పాఠానికి వస్తున్నారు.

నన్ను మాత్రం కాంతమ్మగారు పిలిపించారు. ఇంట్లో దూలాలన్నీ మారుస్తున్నారు, మేస్త్రీలు, వడ్రంగులు తిరుగుతున్నారు. వంటింటి పక్కన సామాన్ల గది లాంటిది ఒకటుంటే, అది తన గది అన్నారు ఆవిడ. ట్రంకుపెట్టెలు, ఊరగాయ జాడీలు, పక్కన ఒక చాప. అంత పెద్ద ఇంట్లో యజమానురాలి చోటు అదని చూసి నేను బిత్తరపోయాను.

"దీన్ని కూడా ఏమన్నా చెయ్యి సరోజా. ఎక్కువ కర్చు పెట్టనీరు ఆయన."

"చేద్దాం పెద్దమ్మా. ఏ రంగు కావాల మీకు?"

ఆవిడ నా ముఖంలోకి చూశారు. సిగ్గుపడుతున్నారనుకున్నాను. కాదు, నిజంగా వెతుక్కుంటున్నారు.

"నాకు ఏ రంగు ఇష్టమో నాకు తెల్దమ్మా. ఎవురూ అడగలా," అన్నారు.

దూలం కూలినప్పుడు కూడా నేను అంత అదిరిపోలేదు. ఇంటింటికీ తిరిగి రంగులు పూసిన నాకు, అలాంటి జవాబు ఒకటి ఉంటుందని తెలియదు.

ఆవిడే గోడ మీద చెయ్యి వేశారు. ఆ గోడ అవతల పక్క సందు, ఆ సందు చివర వీధి.

"రంగు వద్దులే. ఈడ ఒక కిటికీ పెట్టేదానికి అవుతుందా?"

మేస్త్రీలు ఇంట్లోనే ఉన్నారు. కూలిన గది కిటికీ చట్రం పెరట్లో పడి ఉంది. కొత్తగా కొనాల్సిందేమీ లేదు. చెట్టిగారు ఏదో అనబోయి, భార్య ముఖం చూసి ఊరుకున్నారు. మరునాడు మేస్త్రీ గోడ పగలగొట్టి చట్రం నిలబెట్టాడు. సున్నం తడి ఆరకముందే కాంతమ్మగారు ఒక ట్రంకుపెట్టె లాక్కుని దాని ముందు కూర్చున్నారు.

అది బళ్ళు వదిలే వేళ. పిల్లలు, సైకిళ్ళు, పూలమ్మే ఆడవాళ్ళు, వర్క్‌షాపుల నుంచి టీకి వెళ్ళే పనివాళ్ళు, అందరూ ఆ సందు చివర కనబడి మాయమవుతున్నారు. ఆవిడ రెండు చేతులూ చట్రం మీద పెట్టుకుని కదలకుండా చూస్తున్నారు. నేను సామాను సర్దుకుంటుంటే మెల్లగా అన్నారు.

"మన వీధిలో ఇంతమంది నడస్తా ఉంటారా సరోజా."